అరచేతిలో చినుకులు

దోసెపిండి జారు, చీర నేత, పిల్లవాడి జ్వరం... ఇవన్నీ మనకి చెప్పేది చెయ్యే కదండీ! అయినా కంటికి సినిమా, చెవికి రేడియో వచ్చాయిగానీ చేతిని పట్టించుకున్నవాళ్ళు లేరు. చివరికి పట్టించుకున్నది వీడియో ఆటల వాళ్ళు!

1997లో నింటెండో, సోనీ వాళ్ళు ఆటల కంట్రోలర్‌కి వణుకు నేర్పారు. చిన్న మోటారు ఇరుసుకి ఒకవైపే బరువు తగిలించి గిర్రున తిప్పడం, అంతే. బట్టలన్నీ ఒకపక్కకి చేరిన వాషింగ్ మెషీన్ ఎలా ఊగిపోతుందో తెలుసుగా? అదే సూత్రం. బాంబు పడ్డా ఆ వణుకే, కారు గుద్దుకున్నా ఆ వణుకే.

2020లో వచ్చిన సోనీ డ్యూయల్‌సెన్స్‌లో ఆ మోటార్ల స్థానే అయస్కాంతమూ, రాగితీగ చుట్టా పెట్టారు. తీగలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి, నెడతాయి. రేడియో స్పీకరు పాడేదీ ఇలాగే. అక్కడ కాగితం కదిలితే పాట, ఇక్కడ బరువు కదిలితే స్పర్శ. అందుకే ఇసుకలో నడక వేరుగా, వాన చినుకు వేరుగా తెలుస్తుంది.

మావాడు దాన్ని చూపు బాగా తగ్గిన వాళ్ళ నానమ్మ చేతిలో పెట్టాడు. మా అత్తగారు కాసేపు తడిమి, "చినుకులు పడుతున్నాయే అమ్మాయ్! మేడమీద వడియాలు తీశావా?" అన్నారు.

అందరం నవ్వాం. కానీ కన్ను మానేసిన కాపలా చెయ్యి కాస్తోందని నాకు అప్పుడే తెలిసింది. ఆటకోసం పుట్టిన ఈ అయస్కాంతం అలాంటి చేతులకి నాలుగు కబుర్లు చెప్పగలిగితే, అంతకన్నా ఏం కావాలి?