సున్నమూ సీసమూ

మన ఊళ్ళలో ఇంటికి సున్నాలు ఎప్పుడు వేయించాలని ఎవరూ ఎవర్నీ అడగరు. సంక్రాంతికి ముందు వేయిస్తారు, లేదా ఇంట్లో పెళ్ళి కుదిరితే వేయిస్తారు. తొట్టిలో సున్నపురాయి వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికేది. చల్లారాక వడగట్టి, తెల్లగా మెరవడానికి కాస్త నీలిమందు కలిపి, కుంచెతో రెండు పూతలు వేసేవారు. సాయంత్రానికి ఇల్లంతా తడి సున్నం వాసన. మాకు పండగంటే ముందు ఆ వాసనే.

ఆ సున్నాల అలవాటే ఈ దేశంలో మా కొంప ముంచింది. అది తోటి సభ్యులకు చెప్పుకోవడం మంచిదనిపించి రాస్తున్నాం.

క్లీవ్‌లాండులో రెసిడెన్సీ చేసేటప్పుడు, 1920ల నాటి చెక్క ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకున్నాం. ఆస్పత్రి దగ్గర, అద్దె తక్కువ. అద్దె కాగితాలతో పాటు సీసం రంగుల గురించి ఒక చిన్న పుస్తకం చేతికిచ్చారు. 1978కి ముందు కట్టిన ఇంటిని అద్దెకిచ్చినా, అమ్మినా అది ఇచ్చి తీరాలని ఇక్కడి చట్టం. దాన్ని పిజ్జా కొట్ల కాగితాలతో కలిపి సొరుగులో పడేశాం. ఇద్దరం డాక్టర్లం, మాకు తెలియనిదేముంది!

2022 వేసవిలో బాబు మొదటి పుట్టినరోజుకని వాడి అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చారు. రెండో రోజే కూతుర్ని పిలిచి, "ఏమే, ఆ కిటికీలు చూశావా, పెచ్చులు పెచ్చులుగా ఎలా లేచిపోతున్నాయో! పిల్లాడి పుట్టినరోజుకైనా సున్నాలు వేయించుకోరూ?" అన్నారు. ఇంటాయనకి ఫోను చేస్తే, తెలుపైతే అభ్యంతరం లేదు, ఖర్చు మాత్రం మీదే అన్నాడు. డ్యూటీ లేని రెండు ఆదివారాలు సాండ్‌పేపరు పట్టుకుని కిటికీలు గీకాం. నేలమీద బియ్యప్పిండిలా తెల్లటి పొడి. అమ్మమ్మ చీపురుతో ఊడ్చారు. బాబు ఆ నేలమీదే పాకాడు. పుట్టినరోజు ఫోటోల్లో కిటికీలు మల్లెపూవుల్లా ఉన్నాయి.

ఏడాది నిండాక మామూలుగా చేసే పరీక్షలో బాబు రక్తంలో సీసం ఉందని తేలింది. వేలి నుంచి తీసిన రక్తాన్ని నమ్మలేక నరం నుంచి మళ్ళీ తీయించాం. డెసిలీటరుకి 9 మైక్రోగ్రాములు. సిడిసి 2021లో పెట్టిన హెచ్చరిక గీత 3.5. అసలు పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదనే మట్టమే లేదు. "ఇంట్లో ఈమధ్య పాత రంగు ఏమైనా గీకారా?" అని డాక్టరు అడిగింది. మాలో ఒకరు పిల్లల వార్డులో ఎందరో తల్లుల్ని అడిగిన ప్రశ్నే అది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి కుంకుమ, పసుపు, ఇత్తడి గిన్నెలు, కాటుక అన్నిటి గురించీ అడిగింది. వాటిలోనూ సీసం కలిసే అవకాశం ఉంది మరి. అమ్మమ్మకి కోపం వచ్చింది. "కాటుక నేనే ఆముదం దీపం మీద పట్టానని చెప్పండి ఆవిడకి!" అన్నారు. దోషం కాటుకది కాదు. గోడకి ఆనించి చూసే ఎక్స్‌రే పరికరం కిటికీ చట్టం దగ్గర అసలు సంగతి చెప్పింది. పాత రంగుల్లో తెలుపు కోసం సీసం వాడేవారు. కిటికీ ఎత్తి దించినప్పుడల్లా రంగు ఒరుసుకుని పొడి రాలుతుంది. మేం దాన్ని గీకి ఇల్లంతా పరిచాం.

ఆ మట్టానికి మందులు లేవు. సీసం పోగొట్టడం, ఇనుము, కాల్షియం సరిగ్గా అందేలా చూడడం, అంతే. చీపురు మానేసి తడిగుడ్డ పట్టాం. ఆకుకూర పప్పు, రాగి జావ పెట్టాం. మూడు నెలల్లో ఇల్లు మారాం. 9 కాస్తా 3కి దిగడానికి ఏడాది దాటింది. బాబు బాగానే ఉన్నాడు, మాటలు గలగలా వచ్చాయి. కాని ఆ కొన్ని వారాలు వాడి మెదడుకి ఏమైనా చేశాయా అన్నది ఏ పరీక్షా చెప్పదు. "నేను అనకపోతే మీరు గీకేవారా?" అని అమ్మమ్మ కళ్ళు ఒత్తుకున్నారు. తప్పు ఆవిడది కాదు, పుస్తకాన్ని సొరుగులో పడేసిన చదువులది.

ఇప్పుడు మేం పాటించేవి ఇవి. రంగులు వేయాలంటే సామాను దిగకముందు, ఖాళీ ఇంట్లోనే మేలు. 1978కి ముందు ఇల్లయితే, పెచ్చు కదిలించేలోపే పరీక్ష. పొడిగా గీకడం, మంటతో కాల్చడం వద్దు. డబ్బిచ్చి చేయించుకుంటే, 2010 నుంచి అలాంటి ఇళ్ళలో సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే చేయాలన్న నియమం ఉంది, కాగితం చూపించమనండి. పని జరిగినన్నాళ్ళూ పిల్లల్నీ, గర్భిణుల్నీ వేరేచోట ఉంచండి. గరాజ్ సేల్‌లో కొన్న పాత ఉయ్యాల మంచానికి కొత్త రంగు వేసి ముచ్చటపడకండి, కింద ఏముందో తెలియదు.

మన ఊరి సంగతీ ఒక మాట. సున్నంలో సీసం కలపరు. తలుపులకీ, కిటికీ చువ్వలకీ వేసిన ఆయిల్ పెయింట్ల మాట వేరు. రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 దాటకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. సెలవులకి వెళ్ళినప్పుడు పాత తలుపులు గీకిస్తుంటే, పిల్లల్ని మేనమామగారింటికి పంపేయండి.

ఈ వేసవిలో ఎవరైనా పాత ఇంటికి రంగులు వేయదలిస్తే, సాండ్‌పేపరు కొనేముందు మాకో ఫోను చెయ్యండి. వచ్చి కిటికీలు చూసిపెడతాం. కాఫీ ఇస్తే చాలు.