మనకు కావలసింది ఏమిటి?



ఈ వారం మన సమాధుల తోట సంగతి రాస్తున్నాము. పని మీద దూర ప్రాంతాల్లో ఉన్న మన పిల్లలు "తోట విషయం ఏమైంది అయ్యగారూ" అని ఫోన్లు చేస్తున్నారు. జరిగింది జరిగినట్టు, మా తప్పుతో సహా చెప్పడం మంచిదనిపించింది.

పోయిన వర్షాకాలంలో మన సంఘపెద్ద ఒకరు ప్రభువునందు నిద్రించారు. గొయ్యి తవ్వడానికి వెళ్లిన కుర్రాళ్లు వెంటనే తిరిగొచ్చారు. తోటలోకి సిమెంటు స్తంభాలు పాతి ముళ్లతీగ లాగేశారని చెప్పారు. ఆ రోజు ఎలాగో ఒక మూల చోటు చూసుకుని భూస్థాపన జరిపించాము. అందరూ వెళ్లిపోయాక ఆయన భార్య ఆ తీగ దగ్గరే నిలబడి, "అయ్యగారూ, మరి నన్నెక్కడ పెడతారు?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

ఆదివారం ఆరాధన ముగిశాక పెద్దలమంతా కూర్చున్నాము. డిగ్రీ చదువుతున్న మన తమ్ముడు ఒకడు, సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడదామన్నాడు. ఆ రాత్రే రాశాము. కోపంతో రాశాము. ఊళ్లోని భూములన్నిటికీ మొదటి నుండి నేటి వరకు ఉన్న రికార్డులన్నీ, వాటి మీద వచ్చిన అర్జీలన్నీ, ఇచ్చిన ఉత్తర్వులన్నీ కావాలని అడిగాము. వల పెద్దదైతే ఏదో ఒక చేప పడకపోదని మా ధీమా. ఆఫీసువాళ్లు కూడా అవతలివాళ్లతో కలిసిపోయారేమోనని అనుమానం. వాళ్లను కాస్త కంగారు పెట్టాలన్న కోరిక కూడా లోపల ఉంది. దాన్ని దాచితే ఈ సాక్ష్యం సాక్ష్యం కాదు.

కొన్నాళ్లకు జవాబు వచ్చింది. మీరు అడిగింది చాలా విస్తారంగా ఉంది, సర్వే నంబరు, సంవత్సరాలు తెలపండి, లేదా వచ్చి రికార్డులు చూసుకోండి అని దాని సారాంశం. "చూశారా, దాస్తున్నారు" అనుకున్నాము. పోట్లాడి వద్దామనే ఆఫీసుకు వెళ్లాము. అక్కడున్న గుమాస్తా ఒకాయన ఏమీ అనకుండా రికార్డుల గది తలుపు తీసి చూపించాడు. కింది నుండి పైకప్పు దాకా గుడ్డల్లో కట్టిన కట్టలు. "అయ్యగారూ, ఏ కాగితమో చెబితే వెతికి తీస్తాను. గదంతా కావాలంటే నేనేది తియ్యను?" అన్నాడు.

తిరిగి బస్సులో వస్తున్నంతసేపూ మాకు ఆ మాటే. ఆ వారం బుధవారం కూడికలో ఎజ్రా గ్రంథం ధ్యానిస్తున్నాము. 5వ అధ్యాయంలో అధికారి తత్తెనై, దర్యావేషు రాజుకు ఉత్తరం రాస్తాడు. అతడు రాజ్యంలోని గ్రంథాలన్నీ పంపమనలేదు. యెరూషలేములోని మందిరాన్ని కట్టమని కోరెషు ఆజ్ఞ ఇచ్చాడో లేదో రాజు ఖజానాలో వెతికించమన్నాడు. ఒక రాజు, ఒక ఆజ్ఞ, ఒక మందిరం. బబులోనులో వెతకడం మొదలుపెడితే చివరకు మాదీయుల దేశపు కోటలో ఆ గ్రంథపు చుట్ట దొరికింది. అందులో మందిరం ఎత్తు 60 మూరలు, వెడల్పు 60 మూరలు అని కొలతలు కూడా ఉన్నాయి. అంత పెద్ద సామ్రాజ్యంలో ఆ ఒక్క చుట్ట దొరకడం దేవుని కృప. అయితే అడిగినవాడు ఏది వెతకాలో స్పష్టంగా చెప్పాడన్నది కూడా మనం మరువకూడదు.

ఆ రాత్రి పెద్దలను ఒక ప్రశ్న అడిగాము. మనకు నిజంగా కావలసింది ఏమిటి? ఊరి భూములన్నీ కాదు. ఎవరెవరి అన్నదమ్ముల పంపకాల తగాదాలు, ఎవరెవరి పాత అర్జీలు అసలే కాదు. మా మొదటి అర్జీ నెగ్గి ఉంటే మన ఇరుగుపొరుగు కాగితాలన్నీ మన సంఘం బల్ల మీదికి వచ్చి ఉండేవి. అది తలుచుకుని సిగ్గుపడ్డాము. మనకు కావలసినవి మూడే. ఆ నేల శ్మశానమని రాసి ఉందా? ఎంత ఉంది? హద్దు ఎక్కడ?

సచివాలయానికి వెళ్లి సర్వే నంబరు తెలుసుకుని రెండో అర్జీ రాశాము. మీలో ఎవరికైనా పనికొస్తుందని వివరంగా చెబుతున్నాము. ఆ ఒక్క నంబరుకు ఆర్‌ఎస్‌ఆర్‌లో ఉన్న పేజీ నకలు, ఎఫ్‌ఎంబీ పటం నకలు, గత అయిదేళ్ల అడంగల్, ఆ అయిదేళ్లలో ఆ నేలను ఎవరికైనా కేటాయించిన ఉత్తర్వు ఉంటే దాని నకలు, లేకపోతే లేదన్న మాట. అంతే. "ఎందుకు ఊరుకున్నారు" లాంటి ప్రశ్నలు తీసేశాము. ఈ చట్టం ఆఫీసులో ఉన్న కాగితాన్ని ఇప్పిస్తుంది, లేని సంజాయిషీని రాయించదు.

మండల ఆఫీసులో అర్జీకి రుసుము 5 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. ఎందుకు అడుగుతున్నామో చెప్పనక్కరలేదు. జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే మరో 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. అడిగింది మరీ ఎక్కువని అధికారికి అనిపిస్తే, సెక్షన్ 7(9) ప్రకారం వేరే రూపంలో, అంటే వచ్చి చూసుకోమని చెప్పవచ్చు. అసలు ఇవ్వమని తోసిపుచ్చడానికి ఆ సెక్షన్ సరిపోదు. మాకు వచ్చిన మొదటి జవాబు నిజానికి ఒక తెరిచిన తలుపు. కోపంలో దాన్ని మూసిన తలుపనుకున్నాము.

నకళ్లు వచ్చాయి. పేజీకి 2 రూపాయల చొప్పున కట్టాము. శ్మశాన పోరంబోకు అని స్పష్టంగా ఉంది, స్తోత్రం. కానీ విస్తీర్ణం 62 సెంట్లు. మన తాతల నుండి "ఎకరం" అని చెప్పుకుంటూ వస్తున్నాము. సర్వేయరు వచ్చి గొలుసు పట్టాక తేలింది, తూర్పున రైతు తీగ మన నేలలోకి వచ్చింది, పడమట చింతచెట్టు కింద మన సమాధులు మూడు ఆయన నేలలో ఉన్నాయి.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాము. పటం రెండు వైపులా చూపించి, ముందు మా వైపు తప్పు ఒప్పుకున్నాము. ఆయన చాలాసేపు పటం చూశారు. "కోత అయ్యాక స్తంభాలు తీయిస్తాను. ఆ మూడూ అక్కడే ఉండనివ్వండి, చచ్చినోళ్లతో నాకేం తగువు" అన్నారు. స్తంభాలు తీయించారు. ఆ తల్లికి తోటలో ఆమె భర్త పక్కన చోటు చూపించాము. "ఇక తొందరేం లేదులెండి అయ్యగారూ" అని నవ్వారు.

ప్రియులారా, యెరికోలో బర్తిమయి మొదట కరుణించమని కేకలు వేశాడు. ప్రభువుకు అతని అవసరం తెలియదా? అయినా నీకేమి చేయాలని అడిగాడు. అప్పుడు అతడు తనకు చూపు కావాలన్నాడు. మన ప్రార్థనలు కూడా చాలాసార్లు మా మొదటి అర్జీలాగే ఉంటాయి. అన్నీ అడుగుతాము, కావలసింది చెప్పము. ఒక్కటే అడిగితే దాని జవాబుకు మనమే లోబడాలి. ఎకరం కాదు 62 సెంట్లు అని వస్తే ఒప్పుకోవాలి.

ఈ వారం మీ ప్రార్థనలో ఒక్క సంగతి పేరు పెట్టి అడగండి.

పరలోకపు తండ్రీ, మాకు కావలసినది తెలుసుకునే మనస్సు, అడిగే ధైర్యం, నీవు చూపించిన హద్దులో నిలిచే కృప దయచేయుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.