అంబాసిడర్‌ని ఎవరూ అడగలేదు

మా గోదావరి జిల్లాల్లో ఒక ముస్లిం విదేశం పోతున్నాడంటే జనానికి తెలిసిన కారణాలు రెండే. ఒకటి కువైట్‌లోనో దుబాయ్‌లోనో కూలి. రెండోది హజ్. మూడోది కూడా ఒకటుంది గానీ దాన్ని నోటితో అనరు, చూపుతో అంటారు. నేనూ మా అబ్బా పెట్టుకున్న ప్రయాణం ఈ మూడింట్లో దేనికీ చెందదు. మేం పాత కార్లు చూడ్డానికి పోతున్నాం. ఇంగ్లీషువాడు చేసి వదిలేసిన మోరిస్‌లూ ఆస్టిన్‌లూ ఇంకా రోడ్డు మీద తిరిగే దేశం చూసి రావాలని. ఇద్దరికీ కలిపి ఖర్చు లక్ష దాటకూడదని.

ఈ మాట చెప్పినచోటల్లా ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. "నిజం చెప్పు, అక్కడ మీవాళ్ళెవరున్నారు?" అని అడిగారు.

రాజమండ్రిలో కారు ఆగిపోతే "సాయిబుని పిలవండి" అంటారు. పేరుతో పనిలేదు. టింకరింగు సాయిబు, రేడియేటర్ సాయిబు, సీట్లు కుట్టే సాయిబు, కమాన్ కట్టల సాయిబు. 2011 జనాభా లెక్కల్లో పాత తూర్పు గోదావరి జిల్లాలో మేం నూటికి ఇద్దరం కూడా లేం. మెకానిక్ షెడ్లలో చూస్తే మాత్రం ఊరంతా మేమే ఉన్నామనిపిస్తుంది. దీనికి కారణం మా రక్తంలో ఏదో ఇంజన్ విద్య ఉండటం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ డెల్టాలో మట్టి బంగారమైంది. ఆ బంగారంలో మా వాటా లేదు. భూమి ఉన్నవాడు కారు కొన్నాడు. భూమి లేనివాడు దాని కిందికి దూరాడు.

మా అబ్బా పన్నెండో ఏట దూరాడు. ఐదో క్లాసుతో చదువు సరి. మొదట పానాలు అందించడం, తర్వాత గ్రీజు కొట్టడం, తర్వాత ఇంజన్ దించడం. ఆ రోజుల్లో షెడ్డుకి వచ్చేవి మోరిస్ మైనర్, ఆస్టిన్, స్టాండర్డ్ హెరాల్డ్, ఫియట్, అన్నిటికంటే ఎక్కువగా అంబాసిడర్. పేర్లు చదవలేకపోయినా శబ్దంతో బండిని పోల్చేవాడు. రోడ్డు మలుపులో ఉండగానే "వచ్చేది ఫియట్, మూడో సిలిండర్ కొట్టట్లేదు" అనేవాడు. నేను అక్షరాలకంటే ముందు ఆ శబ్దాలు నేర్చుకున్నాను. నాకు పాత కార్ల పిచ్చి ఉందంటే అది డబ్బున్నవాడి సరదా అనుకోకండి. మాకు ఏనాడూ సొంత కారు లేదు. మా ఇంట్లో అదొక భాష, అంతే.

తర్వాత అబ్బా డ్రైవరయ్యాడు. కోనసీమ ఆసాముల అంబాసిడర్లు నడిపాడు. వంతెనలు లేని చోట బండిని రెండు చెక్కల మీంచి పంటు మీదికి ఎక్కించడం అందరివల్లా అయ్యేది కాదు. కోటిపల్లి రేవులో అయినా సఖినేటిపల్లి రేవులో అయినా యజమానులు దిగి ఒడ్డున నిలబడితే, అబ్బా ఒక్కడే బండిలో కూర్చుని గోదావరి మీదికి తీసుకుపోయేవాడు. అన్నవరం, ద్వారకా తిరుమల, అంతర్వేది ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్కలేదు. దసరాకి బండి కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది ఆయనే. డాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి పటం, అద్దం మూల 786 స్టిక్కర్. రెండూ ఇరవై ఏళ్ళు పక్కపక్కనే ప్రయాణం చేశాయి. ఒకదాన్నొకటి తోసుకోలేదు.

1992 డిసెంబర్ తర్వాత ఒకరోజు ఆ బండి యజమాని, "సాయిబూ, ఆ నంబరు తీసెయ్యి, బంధువులు అదోలా చూస్తున్నారు" అన్నాడు. కోపంగా అనలేదు, మెత్తగానే అన్నాడు. అబ్బా గోరుతో గీకి తీసేశాడు. జిగురు మరక మాత్రం పోలేదు. ఆ బండిని అమ్మేసేదాకా అది అద్దం మీద అలాగే ఉంది. ఈ సంగతి అబ్బా మాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు, అదీ కిరోసిన్‌తో జిగురు ఎలా తీయాలో చెబుతూ.

ఇప్పుడు అంబాసిడర్ సంగతి చెబుతాను. అది ఇంగ్లండులో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు ఆ అచ్చు తెచ్చుకుని బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో తయారుచేయడం మొదలుపెట్టారు. 2014 మేలో ఆపేశారు. ఆ యాభై ఏడేళ్ళలో అది మంత్రి కారైంది, కలెక్టర్ కారైంది, పెళ్ళికారైంది, టాక్సీ అయింది. దాన్ని మించిన స్వదేశీ బండి లేదన్నారు. నీ తాత ఎక్కడివాడు, నీ మనసు ఆక్స్‌ఫర్డ్‌లో ఉందా ఇక్కడుందా అని అంబాసిడర్‌ని ఎవరూ అడగలేదు. మా రాజమండ్రి పెద్ద మసీదు శాసనం 1324 నాటిది. ఏడు వందల ఏళ్ళు దాటాయి. మమ్మల్ని మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ఆ మోరిస్ కంపెనీ పెట్టిన విలియం మోరిస్ మొదట ఆక్స్‌ఫర్డ్‌లో సైకిళ్ళు బాగుచేసేవాడు. 1913లో తొలి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు తెచ్చాడు. చివరికి లార్డ్ నఫీల్డ్ అయ్యాడు. ఈ కథ చెప్పినప్పుడు అబ్బా చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మంచి మేస్త్రీ అయ్యుంటాడు" అన్నాడు. తనకీ అతనికీ మధ్య ఉన్న దూరం గురించి ఒక్క మాట అనలేదు. ఆయన అనడు కాబట్టే నేను రాస్తున్నాను.

ప్రయాణం అనుకోగానే మొదట కావలసింది పాస్‌పోర్ట్. మనిషికి 1500 రూపాయలు. డబ్బు కంటే కష్టం పేరు. మా ఇంటిపేరు షేక్. ఇది నిజానికి ఇంటిపేరు కాదు, తెలుగు ఫారాల్లో ఇంటిపేరు గడి నింపడానికి పుట్టింది. రేషన్ కార్డులో ఒక స్పెల్లింగ్, లైసెన్సులో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. ఒకే మనిషి మూడు కాగితాల్లో ముగ్గురయ్యాడు. ముగ్గుర్నీ ఒకణ్ణి చేయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. తర్వాత విచారణకి ఒకాయన వచ్చాడు. "ఏ పని మీద?" అన్నాడు. "కార్లు చూడ్డానికండీ" అన్నాను. "మీకు కార్ల వ్యాపారమా?" "లేదండీ." "మరి?" ఆ "మరి"కి ఏ ఫారంలోనూ గడి లేదు.

పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్ట్‌లో ప్రభుత్వమే ఒక ముద్ర వేస్తుంది. ఈసీఆర్ అంటారు. గల్ఫ్‌తో కలిపి పద్దెనిమిది దేశాలకు కూలికి పోవాలంటే వలస అధికారి అనుమతి కావాలని దానర్థం. 1983 నాటి వలస చట్టం కింద, మోసపోయే కూలివాణ్ణి కాపాడాలని పెట్టిన ఏర్పాటు. ఉద్దేశం మంచిదే. చదువుకోనివాడు కూలికి తప్ప ఎందుకు పోతాడన్న నమ్మకం కూడా ఆ ముద్రలోనే ఉంది. చూడ్డానికి పోయేవాడికి ఆ అనుమతి అక్కర్లేదు. యాభై ఏళ్ళు దాటినవాళ్ళకి ఆ ముద్రే ఉండదు. అందువల్ల డెబ్బై దాటిన అబ్బా పాస్‌పోర్ట్ శుభ్రంగా వచ్చింది. ఇంకెవరూ కూలికి పిలవని వయసు వచ్చాకే మనిషి దేశాలు చూడ్డానికి అర్హుడవుతాడన్నమాట.

ఏ దేశం? ఇక్కడే అసలు వాదన మొదలైంది.

నా మనసు మొదట ఇంగ్లండు మీదికి పోయింది. ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో మోరిస్ ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు మినీ కార్లు చేస్తున్నారు. గేడన్ అనే చోట బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. కానీ వీసా ఫీజే మనిషికి వంద పౌండ్లు దాటుతుంది. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. బ్యాంకులో ఎంతుందో చూపించాలి. మా బ్యాంకు పుస్తకం చూపిస్తే వాళ్ళకే జాలేస్తుంది. వదిలేశాను.

షార్జాలో క్లాసిక్ కార్ల మ్యూజియం ఉంది. 2008లో తెరిచారు. వందకు పైగా బండ్లు. 2022 అక్టోబర్‌లో విజయవాడ నుంచే నేరుగా షార్జాకి విమానం మొదలైంది. అందరూ అదే ఖాయం అనుకున్నారు. మసీదు దగ్గర ఒక పెద్దాయన, "అంతదూరం పోతూ ఉమ్రా చేయకుండా వస్తారా? కార్లేంటి, ఈ వయసులో" అన్నాడు. హజ్ ఖర్చు మూడు లక్షలు దాటింది, స్తోమత ఉన్నవాడికే అది ఫర్జ్ అని ఆయనకీ తెలుసు. అయినా అన్నాడు. ఇంకోపక్క మా అభ్యుదయ మిత్రుడొకడు, "జమీందార్లూ దొరలూ ఎక్కి తిరిగిన బండ్ల మీద నీకు మోజేమిటి? మీ సమస్యల మీద రాయి" అన్నాడు. ఒకరికి నేను ముందు నమాజీని, ఒకరికి ముందు సమస్యని. కార్బొరేటర్ విప్పి చూసి సంతోషపడే మనిషి ఇద్దరి లెక్కలోనూ లేడు.

నన్ను నోరెత్తకుండా చేసింది మాత్రం మా ఆపా. ఆమె ఎనిమిదేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసింది. మా డెల్టాలో ఆ పనికి పోయేవాళ్ళలో మతం తేడా లేదు. మాలపల్లి నుంచీ పోతారు, మా వీధి నుంచీ పోతారు. ఆమె పంపిన దీనార్లతోనే నా డిగ్రీ అయింది. ఆ ఇంటి యజమాని పాత అమెరికన్ కారొకటి గుడ్డ కప్పి దాచుకునేవాడట. వారానికోసారి దాన్ని తుడవడం ఆపా పని. నా లెక్కలన్నీ విని ఆమె, "పాతకారు చూడ్డానికి డబ్బులిచ్చి పోతారా? నేను డబ్బులు తీసుకుని తుడిచాను రా" అంది. నాకు జవాబు రాలేదు. మర్నాడు తనే పదివేలు తెచ్చి అబ్బా దిండు కింద పెట్టింది. "మనింట్లో ఒక్కరైనా ఊరికే చూడ్డానికి విమానమెక్కాలి" అంది. అంతకంటే బరువైన అప్పు నేనెప్పుడూ తీసుకోలేదు.

చివరికి తేల్చింది అబ్బానే. "మ్యూజియంలో బండంటే ఏముంది, జనాజాకి గుసుల్ చేసి పడుకోబెట్టినట్టు. నడిచే బండి కావాలి" అన్నాడు. అలా శ్రీలంక ఖాయమైంది. అక్కడ మోరిస్ మైనర్లు ఇంకా పాలకీ పిల్లల్ని బడికి దింపడానికీ తిరుగుతున్నాయి. కొత్త బండ్ల ఖరీదు ఆకాశంలో ఉండటం ఒక కారణం. 2020 మార్చిలో ఆ ప్రభుత్వం కార్ల దిగుమతి ఆపేసింది. సొంత కార్లకి మళ్ళీ తలుపు తీసింది 2025లోనే. ఆ ఐదేళ్ళూ పాతబండ్లని బతికించింది మేస్త్రీలే. వాళ్ళనే చూడాలని అబ్బా కోరిక.

లెక్క ఇలా వేశాను. పాస్‌పోర్ట్‌లు 3,000. సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి స్లీపర్, రానూపోనూ, 2,000. చెన్నై–కొలంబో విమానం ఇద్దరికీ 36,000. వీసా, బీమా వగైరా 8,000. ఆరు రాత్రులు చిన్న లాడ్జిలో 12,000. తిండి, బస్సులు, క్యాండీ దాకా రైలు 14,000. మొత్తం 75,000. అబ్బా మోకాళ్ళకీ, చెప్పిరాని ఖర్చులకీ 15,000. మన రూపాయికి వాళ్ళ రూపాయలు మూడుకు పైనే వస్తాయి కాబట్టి సరిపోతుంది.

ఆ దేశంలో మావాళ్ళూ ఉన్నారు, అరవం మాట్లాడే ముస్లింలు. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ నాడు చర్చిల్లో, హోటళ్ళలో బాంబులు పేల్చి వందల మందిని చంపింది కొందరు. మే నెలలో దుకాణాలు తగలబడింది ఆ కొందరివి కాదు, చేతికందిన ముస్లింలవి. అక్కడ కూడా ఏ మేస్త్రీ అయినా తన షెడ్డు గోడ మీంచి ఏదో గీకి తీసేశాడేమో, మరక మిగిలిందేమో, అడగాలని ఉంది. ఏ భాషలో అడగాలో చూడాలి. అబ్బాకి ఆ దిగులు లేదు. ఇంజన్ ముందు నిలబడ్డాక భాషెందుకంటాడు.

ప్రయాణం రంజాన్ అయ్యాక. నిన్న సంచి సర్దుతుంటే అబ్బా తన పాత పానాల మూట తెచ్చి బట్టల మధ్యలో పెట్టాడు. చేతి సంచిలో ఇనుము ఒప్పుకోరు, పెద్ద సంచిలో వెయ్యాలని చెప్పాను. అసలు అవి ఎందుకు, మనం చూడ్డానికి కదా పోతున్నది అని కూడా అన్నాను.

"దారిలో ఎవడి బండైనా ఆగిపోతే?" అన్నాడు.

పెద్ద సంచిలో వేశాను.