పేజీ తిప్పే చోటు

వదినగారూ, ఓ నిమిషం ఇటు రండి. మీరిచ్చిన మేకపిల్ల కథ చదివాను. తప్పిపోయిన తల్లిని సంతంతా వెతుక్కోవడం పిల్లలకి గట్టిగా పట్టేస్తుంది. కాకపోతే బొమ్మల పుస్తకంగా రావాలంటే నడక మార్చాలండీ. మేకపిల్ల గడప దాటడానికే ఐదు పేజీలు పట్టింది, తల్లి దొరకడమేమో అరపేజీలో అయిపోయింది.

ఊరెలా ఉందో చెప్పొద్దా అంటారా? బొమ్మ చెబుతుందిగా! తాటిచెట్లు, ఎర్రమట్టి దారి, పాక, ఇవన్నీ బొమ్మలు వేసేవాళ్లకి వదిలెయ్యండి. మీరు అవీ రాశారనుకోండి, పిల్ల బొమ్మ చూసేసి పేజీ తిప్పబోతుంది, మీరింకా తాటిచెట్ల దగ్గరే ఉంటారు.

ఈ పుస్తకాలు చాలావరకు 32 పేజీలే. పెద్ద కాగితం మీద అచ్చేసి మడతపెట్టి కోస్తారు కదా, అందుకే ఎనిమిది, పదహారు లెక్కన వస్తాయి. పేరుకీ అచ్చు వివరాలకీ పోను మీకు మిగిలేవి పన్నెండో పద్నాలుగో జంటపేజీలు. ఎనిమిది తెల్లకాగితాలు మధ్యకి మడిచి కుట్టండి, కథని ముక్కలుగా కత్తిరించి అందులో అంటించి చూడండి. సందులోంచి 'మే' అని వినబడిందని రాశారు చూశారా, అది కుడిపక్క పేజీ చివర పడాలి. తిప్పితే తల్లి కాదు, గడ్డం మేకపోతు! ఇప్పుడు రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. చెవి వినేలోపే కన్ను చూసేస్తుంది.

మారిస్ సెండాక్ అని అమెరికా ఆయన, 1963లో 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' వేశాడు. అల్లరి చేశాడని మాక్స్‌ని అమ్మ అన్నం పెట్టకుండా పడుకోమంటుంది. మొదట బొమ్మలు చిన్నవి, చుట్టూ బోలెడు తెల్లజాగా. గదిలో అడవి పెరిగేకొద్దీ బొమ్మా పెరిగి పేజీ నిండుతుంది, పక్క పేజీలోకి పాకుతుంది. వింతజంతువులతో గంతులు మొదలయ్యాక వరసగా మూడు జంటపేజీల్లో ఒక్క మాట లేదు. అక్కడ చదివేదేముంది, గోలంతా పిల్లలే చేస్తారు. తర్వాత బొమ్మలు మళ్లీ తగ్గుతాయి. ఆఖరి పేజీలో బొమ్మే లేదు, ఐదు మాటలంతే. ఎన్నిసార్లు చూసినా ఆ మూడు జంటపేజీల దగ్గర నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకోటి, పాట్ హచిన్స్ అనే బ్రిటన్ ఆవిడది, 1968లో వచ్చిన 'రోజీస్ వాక్'. మొత్తం 32 మాటలు! కోడిపెట్ట షికారు వెళ్తుంటే వెనకాల నక్క. నక్క సంగతి మాటల్లో ఎక్కడా రాదు. దూకబోతుంది, పేజీ తిప్పితే బోల్తా. నక్కని ముందు చూసేది పిల్లలే, అదే వాళ్ల సంబరం.

కాబట్టి వదినగారూ, వెతుకులాటంతా గబగబా నడిపించండి, పేజీకి రెండు మూడు చిన్న బొమ్మలు, పొట్టి మాటలు. తల్లి కనబడ్డప్పుడు మాత్రం జంటపేజీ అంతా ఇచ్చెయ్యండి, మాట లేకపోయినా సరే.

తిరగరాశాక మీరు చదవకండి. కథ మీదే కాబట్టి డీలాపడ్డ చోటల్లా గొంతుతో లాక్కొచ్చేస్తారు. మీ కోడలిచేత మనవరాలికి చదివించి, దాని చెయ్యి చూడండి. మాట పూర్తవకుండా పేజీ అంచు పట్టుకుందా, అక్కడ కత్తిరించాలి. వెనక్కి తిప్పమని అడిగిందా, ఆ చోటు ముట్టుకోవద్దు.

మేకపిల్ల మెడలో మీరు కట్టిన గంట మాత్రం తీసెయ్యకండి. తల్లి మెడలోనూ ఒకటి కట్టండి, సంతలో వెతికేటప్పుడు పనికొస్తుంది. తెల్లకాగితాలు నా దగ్గరున్నాయి, ఇదిగో, గోడమీంచి అందుకోండి.