పాలపిట్టకు ఏ రంగు వేద్దాం సారూ?

బొమ్మలు వేసే పిల్లవాణ్ణి చూసి మన పాలమూరు, నల్లగొండ ఇళ్లల్లో పెద్దవాళ్లు అడిగే మాట ఒకటే: "బాగానే ఉంది బిడ్డా, మరి తిండి ఎట్ల?" అందులోనూ వాడు దేవుళ్ల పటాలు కాదు, దుకాణాల బోర్డులు కాదు, పులినీ దుప్పినీ పిట్టనీ వేస్తానన్నాడనుకోండి, ఇక చెప్పేదేముంది! పులి బొమ్మ ఎవరు కొంటారండీ? కొన్నా ఎక్కడ తగిలిస్తారు?

దానికి మన దగ్గర ఒక పాత జవాబుంది. డ్రాయింగ్ మాస్టరు కావడం. లోయర్ పరీక్ష, హయ్యర్ పరీక్ష, ఆ మీద మండుటెండల్లో 42 రోజుల టీటీసీ శిక్షణ. ఇంత చేస్తే బడిలో కుర్చీ దొరకొచ్చు. పొద్దున బెండకాయ, బకెట్టు, మట్టికుండ నేర్పి, సాయంత్రం ఇంటికొచ్చి తన బొమ్మ తాను వేసుకోవచ్చు. చిన్నచూపు చూడకండి, గొప్పవాళ్లు నడిచిన దారే ఇది. సిద్దిపేట కాపు రాజయ్య గారు (1925–2012) బడిపిల్లలకు బొమ్మలు నేర్పుతూనే నకాశీ చిత్రకారుల పోకడను తన కుంచెలోకి తెచ్చుకుని బోనాలనూ పల్లె జనాన్నీ వేశారు. పుట్టిన ఊళ్లోనే లలిత కళా సమితి పెట్టారు. ఓరుగల్లు వైపు పెనుగొండలో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు గారు (1924–2012) శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని వచ్చి, హైదరాబాదులో తరాల తరబడి పాఠం చెప్పారు. తెలుగుతల్లి బొమ్మ ఆయన చేతిదే. ఇద్దరూ ఒకే ఏడాది, నెల తేడాలో వెళ్లిపోయారు.

మన జిల్లాల మాటకొస్తే, నల్లగొండ బిడ్డ ఏలే లక్ష్మణ్ తెలంగాణ రాజముద్ర గీశారు. అందులోనూ జంతువులంటే అశోకుడి సింహాలే, చూశారా! నల్లమలలో తిరిగే పులి ఇంకా మన గోడల మీదికి సరిగ్గా రాలేదు. బడి గోడ మీది చార్టులోనూ సింహమే ముందుంటుంది, జిరాఫీ పక్కనుంటుంది. అచ్చంపేట పిల్లవాడికి జిరాఫీ మెడ తెలుసు, ఊరి వెనక అడవిలో మేసే కణుజు కొమ్ముకు మూడు కొనలని తెలియదు. ఆడ దుప్పికి కూడా కొమ్ములు పెట్టేస్తాడు. తప్పు వాడిది కాదు లెండి, చార్టుది.

పులి సంగతి ఇంకా తమాషా. అమ్రాబాదు అడవిలో పులుల్ని లెక్కపెట్టేది చారలతోనే. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. అంతెందుకు, ఒకే పులికి కుడి పక్క చారలు ఎడమ పక్క చారలతో కలవవు. అందుకే దారికి అటూ ఇటూ రెండు కెమెరాలు కడతారు. మనం వేసే పులికి అద్దంలో పెట్టినట్టు రెండు పక్కలా ఒకే గీతలు. అటువంటి పులి అటవీశాఖ లెక్కకే రాదు!

ఇదే అమ్రాబాదు గుట్టల్లోకి, నిజాం కాలంలో, 1931లో మొదలైన పక్షుల సర్వే కోసం పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం అలీ వచ్చారు. మన్ననూరు, ఫరహాబాదు ఆయన మజిలీలు. ఆ రోజుల పద్ధతి ప్రకారం పిట్టను కొట్టి, తోలు తీసి, దూది కుక్కి భద్రం చేసేవారు. అయితే ఈకల రంగు నిలిచినంతగా కంటి రంగు, కాలి రంగు, ముక్కు రంగు నిలవవు. చచ్చిన కాసేపటికే వెలిసిపోతాయి. అందుకని అప్పటికప్పుడే చీటీ మీద రాసి కాలికి కట్టేవారు. నన్నడిగితే డ్రాయింగ్ క్లాసులో మొదటి పాఠం ఆ చీటీయే. బొమ్మ తర్వాత, ముందు చూసింది రాసుకో. జహంగీరు కొలువులో ఉస్తాద్ మన్సూర్ వేసిన సైబీరియా కొంగను ఇవాళ్టి పక్షిశాస్త్రజ్ఞులు కూడా చప్పున గుర్తుపడతారంటే, అంత నిదానంగా చూశాడన్నమాట.

మన పిల్లల్ని చూడటం మొదలుపెట్టించాలంటే పాలపిట్టను మించింది లేదు. దసరానాడు జమ్మి చెట్టు దగ్గరికి పోయి అందరం వెతికే పిట్టే కదా, పైగా రాష్ట్ర పక్షి. వేయమంటే క్లాసంతా నీలం క్రేయాన్ కోసం కొట్లాట. అప్పుడు సారు వాళ్లను దేవరకొండ రోడ్డు మీదికో, నాగర్‌కర్నూలు చేల గట్ల మీదికో నడిపించాలి. కరెంటు తీగ మీద ఒకటి కూర్చునే ఉంటుంది. వీపు మట్టిరంగు, రొమ్ము ఎర్రమన్ను కలిసిన గోధుమరంగు, దాని మీద తెల్లటి సన్నగీతలు. నీలం ఏదంటే నెత్తిన ఇంత, రెక్క అంచున కాస్త. పిల్లలు "ఇది పాలపిట్ట కాదు సారూ" అంటారు. ఇంతలో మిడతను చూసి అది తీగ వదిలి కిందికి దూకుతుంది. రెక్కలు విచ్చుకోగానే లేతనీలం, ముదురునీలం పట్టీలు పట్టీలుగా బయటపడతాయి! మళ్లీ తీగ మీద వాలేసరికి మట్టిపిట్టే. మరి ఏ రంగు వేయాలి? ఆ వాదన అరగంట సాగితే ఆ రోజు పాఠం అయినట్టే. బొమ్మ రేపు వేసుకోవచ్చు.

బొమ్మ కూడు పెడుతుందా అంటారు కదా, పిట్టను వెతికి పెట్టిన సంగతీ చెబుతాను. కడప వైపు కలివికోడి 1900 తర్వాత ఎవరికంటా పడక, అంతరించిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దాని బొమ్మ పట్టుకుని పల్లెల్లో చూపించారు. 1986 జనవరిలో ఒక వేటగాడికి రాత్రిపూట టార్చి వెలుతురులో అది దొరికింది. బొమ్మ తప్పుగా వేసి ఉంటే ఏ పిట్టను పట్టుకొచ్చేవారో!

ఇంత పని చేయగల మాస్టరుకు మనం ఇచ్చే చోటు ఎంత? 2009 విద్యాహక్కు చట్టం ప్రాథమికోన్నత బడిలో నూరుమంది పిల్లలు దాటితేనే బొమ్మల సారును అడుగుతుంది, అదీ పార్ట్‌టైముగా. ఇక పరీక్షలు దగ్గరపడ్డాయంటే డ్రాయింగ్ పీరియడు లెక్కల సారు పాలు.

సరే, లెక్కల సారుకే ఇద్దాం. కానీ ఒక షరతు. దీపావళి వెళ్లాక కురుమూర్తి జాతరకు పిల్లల్ని ఆయనే తీసుకుపోవాలి. అక్కడి పశువుల సంతలో అమ్రాబాదు పొడతూర్పు ఎద్దులుంటాయి, 2020లో ప్రత్యేక జాతిగా గుర్తింపు పొందినవి. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు, ఏ రెండింటికీ పొంతన ఉండదు. ఒక్కో ఎద్దుకు కుడి పక్కన ఎన్ని, ఎడమ పక్కన ఎన్ని అని లెక్కపెట్టించమనండి. నోట్సులో గీసుకోకుండా ఆ లెక్క ఎట్లా తేలుతుందో చూద్దాం.