తేలు బొమ్మ కారు

స్టాఫు రూములో ఫోను స్పీకరు మీద పెట్టి మాట్లాడకూడదన్న సంగతి నాకు నలభై ఆరో ఏట తెలిసింది.

చేతిలో జవాబు పత్రాల కట్ట ఉండబట్టి ఫోను బల్లమీద పెట్టి నొక్కేను. అవతల మా మేనల్లుడు. "మావయ్యా, నాకు ఎల్.ఎస్.డి. కావాలి. అమ్మ నిన్నడిగి తెప్పించుకోమంది" అన్నాడు.

గదిలో పంకా చప్పుడు తప్ప మరేమీ లేదు. కెమిస్ట్రీ లెక్చరరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మీ అప్పగారే అడగమన్నారా?" అన్నారు. ఆయన గొంతులో జాలి వినిపించింది. ఈలోగా మావాడు, "ఇంగ్లండునుంచి తెప్పించాలి మావయ్యా, లక్షన్నర దాకా అవుతుంది" అని నాకు మిగిలున్న పరువు కూడా పూర్తిచేసేడు.

అది మత్తుమందు కాదనీ, మోటారుకారులో వేసే ఇనప సామాననీ, పూర్తి పేరు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియలనీ ఆ గదిలోవాళ్లని నమ్మించడానికి ఒక పీరియడు పట్టింది. నమ్మేరో లేదో ఇప్పటికీ అనుమానమే.

మా అప్ప నన్నడగమనడానికి వెనక ఒక కథ ఉంది. మా బావ పోయిన మూడోయేడు ఈ కుర్రాడు మోటారుసైకిలు కావాలని గొడవ చేసేడు. అప్ప వద్దంది. నేను మధ్యలో దూరి, "ఈ రోజుల్లో బండి లేకపోతే ఎల్లాగప్పా" అని పెద్దమనిషిలా తీర్పు చెప్పేను. నాలుగు నెలలు తిరక్కుండా రణస్థలం దగ్గర హైవే మీద పడ్డాడు. కాల్లో ఇప్పటికీ స్టీలు పలక ఉంది. అప్ప నన్ను ఒక్కమాట అనలేదు. ఆనాటినుంచి వాడేమడిగినా, "మీ మావయ్య సరేనంటే నాకూ సరే" అంటుంది. అది నమ్మకమో శిక్షో నాకింతవరకు బోధపడలేదు.

వాడిప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. డబ్బు వాడిదే. కారు పాతది, ఫియట్ అబార్త్ పుంటో. 2015లో ఆ కంపెనీ మనదేశంలో విడుదల చేసింది. ఒళ్లు చిన్నకారుది, ఇంజను 145 గుర్రాలది. మామూలు సంసారపక్షపు చిన్నకారులో పెద్ద ఇంజను పెట్టి పరిగెత్తించే ఈ సంప్రదాయాన్ని 'హాట్ హ్యాచ్' అంటారు. 1976లో జర్మనీవాళ్లు 110 గుర్రాలతో తెచ్చిన గోల్ఫ్ జి.టి.ఐ. దీనికి పెద్ద పేరు తెచ్చిపెట్టిందిట. మావాడి కారు మూతిమీద తేలు బొమ్మ ఉంటుంది. అబార్త్ అనే ఆసామీది వృశ్చిక రాశి, అందుకని పెట్టుకున్నాడుట. మొదటిసారి గుమ్మంలో ఆ తేలుని చూసి అప్ప హడిలిపోయి, కుట్టకుండా దానికి పసుపూ కుంకుమా పెట్టింది.

"అసలెందుకురా అది?" అని అడిగేను.

"చెబితే తెలీదు మావయ్యా. చూపిస్తాను."

ఆ ఆదివారం శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కుతున్నాం. అంతకు ముందే జల్లు పడి వెలిసింది. ఒక పిన్ను వంపు దగ్గర కొండమీంచి ఎర్రమట్టి కొట్టుకొచ్చి రోడ్డుకి సగం వరకూ పరుచుకుని ఉంది. మావాడు వంపు తిప్పి యాక్సిలరేటరు తొక్కేడు. లోపలివైపు ముందుచక్రం కీచుమంటూ ఉన్నచోటనే తిరిగింది. కారు మాత్రం ముందుకి పోదు. అంతలో ఆ చక్రానికి పొడినేల తగిలినట్టుంది, స్టీరింగు వాడి చేతుల్లో గుంజుకుంది. మూతి రోడ్డు బయటి అంచుకేసి పోయింది. బయటి అంచంటే లోయవైపు. కారు ఆగేసరికి నా కాళ్లకింద చాప గుట్టగా ముడతలు పడి ఉంది. బ్రేకు నావైపు లేదన్న సంగతి నా కాళ్లకి తెలీదు మరి.

అనంతగిరిలో కాఫీ తాగేం. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. సాయంత్రం అప్ప ఫోను చేసి, "బాగా వెళ్లొచ్చేరా?" అంది. "బాగానే" అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సరేనంటే ఒక భయం, కాదంటే ఒక భయం. కాదంటే వాడు ఆ చక్రంతోటే రేపూ ఆ ఘాటు ఎక్కుతాడు.

తెలియని విషయంలో తీర్పు చెప్పి ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాణ్ణి. ఈసారి తెలుసుకునే చెప్పాలనుకున్నాను. అయితే నాకు తెలిసింది తెలుగు ఎం.ఏ. అందులో చక్రాల ప్రసక్తి కర్ణుడి రథం కుంగినప్పుడొకసారి వస్తుంది గాని, ఆ రథాన్ని గుర్రాలు లాగుతాయి, చక్రాలు ఊరికే వెంటపడి దొర్లుతాయి. చక్రమే బండిని లాగాల్సి వచ్చినప్పుడుగాని ఈ చిక్కు పుట్టదు.

నా మొదటి గురువు నరసన్నపేట దగ్గర మా అప్ప పొలంలో దొరికేడు. దమ్ము చేస్తున్న ట్రాక్టరు డ్రైవరు. గట్టుమీద నిలబడి చూస్తున్నాను. ఒక పెద్దచక్రం బురదలో గిర్రున తిరుగుతోంది, రెండోది బొమ్మలా నిలబడిపోయింది. అతను సీటుకింద మడమతో ఏదో తొక్కేడు. ట్రాక్టరు గేదెలా లేచి గట్టెక్కింది.

"ఏమిటి తొక్కేవు?" అన్నాను.

"డిప్రెన్సల్ లాకు బావూ. ఒక సెక్రం జారిపోతే బలమంతా దానికే పోతాది. రెండోది కదల్దు. ఇది తొక్కితే రెండూ ఒకటైపోతాయి. గట్టెక్కేక ఒగ్గీయాల. ఒగ్గకుండా తిప్పినావనుకో, బండి తిరగదు. యాక్సిలు ఇరిగిపోతాది."

నాలుగు ముక్కల్లో శాస్త్రమంతా చెప్పేడు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి, లోపలిది తక్కువ. మా కాలేజీ ఎన్.సి.సి. కుర్రాళ్లు వరసగా మలుపు తిరిగేటప్పుడు చివరివాడు అంగలు వేస్తూ, లోపలివాడు ఉన్నచోటనే కాళ్లాడిస్తూ ఉండడం మీరు చూసే ఉంటారు. రెండు చక్రాలనీ ఒకే ఇరుసుకి బిగిస్తే అది కుదరదు. అందుకని పెక్కూర్ అనే ఫ్రెంచివాడు 1820ల చివర ఆవిరిబండి కోసం, రెండు చక్రాలకీ బలమిస్తూనే వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే ఏర్పాటు చేసేడు. అదే డిఫరెన్షియల్.

దానికొక మొండి నియమం ఉంది. పంక్తిలో ఇద్దరికీ సమానంగా వడ్డించాలి. ఒకడు గుప్పెడు తిని చాలన్నాడా, రెండోవాడు ఎంత ఆకలితో ఉన్నా గుప్పెడే. బురదలో ఉన్న చక్రం పట్టలేనని చేతులెత్తేస్తే, గట్టినేల మీదున్న చక్రానికీ అంతే బలం అందుతుంది. అనంతగిరిలో మాకు జరిగింది ఇదే. ట్రాక్టరు లాకు ఆ నియమాన్ని బొత్తిగా తీసిపారేస్తుంది. కాని ఘాటు రోడ్డుమీద ముందుచక్రాలకి అల్లాంటి లాకు పెడితే కారు వంపు తిరగదు. ఈ రెండింటికీ మధ్యనున్నదే ఎల్.ఎస్.డి.

ఇంతవరకు అర్థమైందని సంతోషపడితే మావాడు కాగితాలు పరిచేడు. మధ్యనున్నది ఒకటి కాదుట.

మొదటి రకం పలకలది. అట్ల దొంతరలా ఇనపపలకలు పేర్చి ఉంటాయి. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ అవి ఒకదాన్నొకటి అదుముకుని రెండు చక్రాలనీ కట్టేస్తాయి. 1930లలో ఆటో యూనియన్ పందెపుకార్లలో ఒక చక్రం ఊరికే తిరిగిపోతూంటే, పోర్షే ఈ చిక్కు విప్పమని జడ్.ఎఫ్. కంపెనీకి అప్పగించేడుట. రెండో రకం పళ్లది. ఏటవాలుగా కోసిన పళ్లచక్రాలు తొట్టిలో ఒరుసుకుంటూ, పట్టున్న చక్రానికి ఎక్కువ బలం మళ్లిస్తాయి. గ్లీజ్‌మన్ అనే అమెరికావాడు ఈ పళ్ల పద్ధతిని 1950లలో కనిపెట్టేడు. 2002లో ఫోర్డువాళ్లు ఫోకస్ ఆర్.ఎస్. అనే ముందుచక్రాల కారుకి ఇంగ్లండులో చేసిన ఈ జాతిదాన్నే వేసేరు.

మావాడికి ర్యాలీల్లో తిరిగే స్నేహితుడొకడున్నాడు. పలకలదే వెయ్యమన్నాడు. మావాడూ అటే మొగ్గి ఉన్నాడు. "పళ్లది పట్టున్న చక్రానికి రెండు మూడు రెట్లు ఇస్తుంది మావయ్యా, అంతే."

"అంటే మొదటివాడు గుప్పెడు తింటే రెండోవాడికి మూడు గుప్పెళ్లు. బాగానే ఉంది కదరా?"

"మొదటివాడు అసలు విస్తరి ముందు కూర్చోకపోతే? చక్రం గాలిలో లేస్తే?"

సున్నాని మూడుతో హెచ్చవేస్తే సున్నాయే. పలకలదానికి ఆ బాధ లేదు. దాన్ని ముందే కొంత బిగించి ఉంచుతారు కాబట్టి, ఎవరు కూర్చున్నా లేచినా ఇద్దరి విస్తళ్లలోనూ కొంత ఉండనే ఉంటుంది. వాడి వాదం గట్టిదే. నాకు వెంటనే జవాబు తోచలేదు.

జవాబు విజయనగరంలో మా పాత మెకానిక్కు ఇచ్చేడు. అంబాసిడర్లకీ ప్రీమియర్ పద్మినీలకీ క్రౌనూ, స్టార్ పినియనూ మార్చి జుట్టు నెరిసినవాడు. "గాల్లో లేచేది ముందుచక్రమేనా? ఒకసారి తోలి చూపించు" అన్నాడు మావాడితో. చూస్తే, గట్టిగా వంపు తిప్పినప్పుడు లేచేది వెనక లోపలి చక్రం. ముందుది తేలికవుతుంది గాని నేల వదలదు. నేల మీదున్నంతసేపూ పళ్లదానికి పని ఉంటుంది. గోతుల్లో ఎప్పుడైనా పూర్తిగా లేచినా, యాక్సిలరేటరు వదలకుండా బ్రేకు కాస్త తాకిస్తే ఆ చక్రానికి కొంత అడ్డు పుట్టి మళ్లీ పంపకం మొదలవుతుంది.

పలకల సంగతి కూడా ఆయనే విప్పి చెప్పేడు. పలకలు అరుగుతాయి, మళ్లీ విప్పి మార్చాలి. వేరే నూనె కావాలి. నెమ్మదిగా తిరిగేటప్పుడు టకటకమంటుంది. ముందే బిగించి ఉండడంతో రోజూ స్టీరింగు బరువు. వాటిలో యాక్సిలరేటరు వదిలినా బిగిసే ఉండే రకం ఒకటుంది. ముందుచక్రాల కారుకి అది వేస్తే, భయపడి కాలు తీసిన క్షణంలోనే కారు తిరగనని మొరాయిస్తుంది. పందెంవాడు దాన్ని లొంగదీసుకుంటాడు, నిజమే. తల్లిని గుడికి తీసుకెళ్లేవాడికి అదెందుకు?

ఒక్క చక్రం జారితే కంప్యూటరే దాని బ్రేకు నొక్కే ఏర్పాటు ఇప్పుడు చాలా కార్లలో వస్తోంది. వాడి కారులో లేదు. 2025లో మనదేశానికి వచ్చిన గోల్ఫ్ జి.టి.ఐ.లో ముందుచక్రాల మధ్య కరెంటుతో బిగిసే పద్ధతి కంపెనీయే పెట్టింది. ఖరీదు యాభై లక్షలు దాటింది కాబట్టి దాని ప్రస్తావన అక్కడితో ఆపుకున్నాం.

ఇంత చెప్పి ఆ మెకానిక్కు టైరు పక్కన వంగి నాలుగంకెలు చదివేడు. ఏ వారం, ఏ యేడు తయారైందీ దానిమీద ఉంటుందిట. "మాష్టారూ, ఈ టైరు రిటైరై మూడేళ్లయింది. గాడులున్నాయి గాని రబ్బరు రాయైపోయింది. ఎల్లెస్డీ పట్టు పుట్టించదండి, ఉన్నది పంచుతుంది. లేనిదేం పంచుతుంది?"

ముందు టైర్లూ, అరిగిపోయిన బుష్షులూ మార్పించేం. సగం జారుడు అక్కడే పోయింది. మావాడి మొహం కొంచెం చిన్నబోయింది గాని ఒప్పుకున్నాడు. మిగతా సగానికి పళ్లదే నిర్ణయమైంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదంటుంది. ఇందులో అల్లాంటి వివరమేదీ మారదనే మా నమ్మకం. అయినా ఇన్సూరెన్సు వాళ్లకి ముందుగా రాసి తెలియపరచమన్నాను. గుమాస్తా బుద్ధి అనుకోండి.

ఒక ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఇదివరకు ఒక చక్రమే జారేది, రెండోది కారుని పట్టుకునేది. ఇప్పుడు బలం ఇద్దరికీ పంచితే, మితిమీరి తొక్కినప్పుడు రెండూ కలిసి జారవా? అడిగేను. మావాడు చాలాసేపు మాట్లాడలేదు. "జారతాయి. అప్పుడు కారు తిన్నగా పోతుంది" అన్నాడు చివరికి. అనంతగిరిలో తిన్నగా పోవడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

అందుకనే సరే అన్నాను గాని ఒక షరతు పెట్టేను. ముందుచక్రాల కారులో డిఫరెన్షియలు గేరుబాక్సు పొట్టలోనే ఉంటుంది. అంతా విప్పి, క్రౌనుచక్రం తీసి కొత్తదానికి బిగించి, బేరింగులూ, పనిలో పనిగా క్లచ్చీ మార్చేసరికి నాలుగు రోజులయింది. అయిదోరోజు వాన వెలిసేక, ఊరిబయట ఇళ్లస్థలాలకి చదును చేసిన ఖాళీ నేలలో మావాడు గంటసేపు ఒకే వంపు తిరిగేడు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. మెల్లగా బలం పెంచితే మూతిని వంపులోపలికి ఎవరో చెయ్యిపట్టి తీసుకుపోయినట్టు పోయేది. ఎక్కువ తొక్కితే రెండు చక్రాలూ జారి తిన్నగా బయటికి పోయేది. ఎక్కడ ఒకటి రెండోదిగా మారుతుందో వాడి కాలికి తెలిసేదాకా ఇంటికి రానివ్వలేదు. గతుకుల్లో స్టీరింగు కొద్దిగా అటూ ఇటూ లాగుతోంది. అదిక పోదుట.

తర్వాత మళ్లీ ఆ పిన్ను వంపు ఎక్కేం. మట్టి అల్లాగే ఉంది. చక్రం ఒక్కసారి గొణిగి ఊరుకుంది, కారు ఎక్కేసింది. ఈసారి కూడా నా కాలు చాపని తొక్కే ఉంది.

మొన్న అప్ప అరసవల్లి వెళ్తానంటే ముగ్గురం బయల్దేరేం. ఆ స్వామి రథానికి ఒకటే చక్రం, ఆయనకీ గొడవ లేదు అనుకున్నాను మనసులో. ఎక్కబోతూ అప్ప తేలుకి బొట్టు పెట్టి నావైపు తిరిగింది.

"లక్షన్నర పోసేరు కదరా. ఇంక జారదు కదూ?"

మావాడు నా మొహంలోకి చూసేడు. మోటారుసైకిలు నాడు అయితే జారదనే చెప్పేవాణ్ణి.

"జారుతుందప్పా. తక్కువ జారుతుంది. దాని పేరే అది."

ఆవిడ కాసేపు ఆలోచించి వెనకసీట్లో కూర్చుంది. జీడిపప్పు సంచీ ఒళ్లో పెట్టుకుని, "అయితే నలభై దాటించకు" అంది వాడితో.