ఎంతసేపు ఆగాలి?

మా అమ్మాయి బేస్ గిటార్ వాయిస్తుంది. రాయదుర్గంలో ఈ మాట చెప్తే "అంటే వీణలాంటిదా మేడమ్?" అని అడుగుతారు. నాలుగు లావుపాటి తీగలు, పాట అడుగున నడిచే మంద్రస్వరం అని చెప్తాను. చర్చి పాటల బృందంలో గిటార్లు, డ్రమ్స్ అన్నీ మగపిల్లలవే. బేస్ మాత్రం ఈమెది. బెంగళూరులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆంప్లిఫయర్ ఒకటి ఉంది.

కిందటి డిసెంబరులో దానికి జబ్బు చేసింది. స్విచ్ వేయగానే ఎర్రలైటు వెలుగుతుంది, శబ్దం మాత్రం రాదు. రెండు నిమిషాలు గడిచాక లోపల ఎక్కడో 'టక్' మంటుంది, అప్పుడు పలుకుతుంది. ఈలోగా మిగతావాళ్ళు ఒక పాట మొదలెట్టేస్తారు. "అక్క వచ్చేలోపల పాట అయిపోతుంది" అని నవ్వుతారు. మూడో ఆదివారం మా అమ్మాయి ఇంటికొచ్చి "మానేస్తానమ్మా" అంది.

బజారులో రిపేరు షాపుకి తీసుకెళ్ళాం. అతను మూత కూడా తీయలేదు. "ఇదంతా ఆడోళ్ళకి చెప్తే అర్థం కాదు మేడమ్, సారుని పంపీండి" అన్నాడు. మా ఇంట్లో ఫ్యూజు పోతే వేసేది నేను. సారుకి ఫేజేదో న్యూట్రలేదో తెలియదు. చివరికి "లోపల ప్రొటెక్షన్ ఉంటుంది, అది పీకేసి డైరెక్ట్ చేసేస్తా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. పెట్టె చంకన పెట్టుకుని తిరిగొచ్చాం.

మా పక్కింటామె జీన్స్ ప్యాంట్లు కుడుతుంది. మా ఊళ్ళో చాలా ఇళ్ళలో వినబడేది ఈ మిషన్ల శబ్దమే. మోటారు ఆగిపోతే తనే విప్పుకుంటుంది. "మెకానిక్ వచ్చేదాకా కూర్చుంటే పీసు కూలి ఎవరిస్తారక్కా?" అంటుంది. అయినా ఆమెను ఎవరూ మెకానిక్ అనరు. మా గోడు విని ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "నా మిషన్ నడుస్తున్నప్పుడే ఇట్లా చేస్తుందా?"

మంచి ప్రశ్న. ఓల్టేజి పడిపోతే రిలేకి బలం చాలదు. మల్టీమీటరుతో చూశాం. పగలు 190 ఓల్టులు, రాత్రి పదకొండుకి 230. రాత్రి కూడా ఆలస్యం అంతే. కాబట్టి తప్పు కరెంటుది కాదు. వాల్వుల ఆంప్లిఫయరైతే ఫిలమెంట్లు వేడెక్కేదాకా కాసేపు ఆగడం సహజం. ఇది ట్రాన్సిస్టర్లది. ఇంకో సంగతి గమనించాం: ఆపి వెంటనే వేస్తే తొందరగానే పలుకుతోంది, రాత్రంతా ఆపి ఉంచితేనే రెండు నిమిషాలు. శబ్దం ఆ 'టక్'తోనే వస్తోంది. అంటే ఆలస్యం ఆ రిలేని నడిపే చోట ఉంది.

స్విచ్ వేయగానే సర్క్యూటు కుదురుకోక ముందు వచ్చే కుదుపు స్పీకరుకు మంచిది కాదు. అందుకని ఒక కెపాసిటర్ నెమ్మదిగా నిండి, ఆ తర్వాత రిలే స్పీకరును కలుపుతుంది. మాదాంట్లో 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 47 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్. రెండూ గుణిస్తే 4.7 సెకన్లు. ఆ కాస్త ఆగడం అవసరమే. కానీ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ముసలిదై లీకయితే, నింపుతున్నది నింపుతున్నట్టే కారిపోతుంది. కరెంటు తగులుతూ ఉంటే కాసేపటికి ఆ లీకు తగ్గుతుంది, అప్పుడు నిండుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వీటి ఆయుష్షు దాదాపు సగమవుతుందంటారు. నలభై దాటే మా ఎండల్లో, రేకుల గదిలో పెట్టిన పెట్టె సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ లెక్క వేసుకుంటున్నప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. 1986లో పదో తరగతయ్యాక అనంతపురం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతానన్నాను. "బస్సులో అంత దూరం, ఆడపిల్లవి, ఒక సంవత్సరం ఆగు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. ఎందుకు ఆగాలో చెప్పాడు కానీ ఎప్పటిదాకానో చెప్పలేదు. ఆగుతూ ఆగుతూ తెలుగు లెక్చరర్ని అయ్యాను. ఆ ఉద్యోగమంటే నాకు ఇష్టమే, అది వేరే సంగతి.

1919లో మద్రాసులో తెలుగువాళ్ళింట పుట్టిన అయ్యలసోమయాజుల లలిత పద్దెనిమిదేళ్ళకే భర్తను పోగొట్టుకుంది. చంకలో పసిబిడ్డ. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరుగా ఉన్న తండ్రి ఆమెను అక్కడే చేర్పించాడు. 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుంది. ఆ పట్టా మీద మగవాడికి అచ్చువేసిన సర్వనామాన్ని కొట్టేసి, చేత్తో ఆడవాళ్ళది రాశారట. ఆ తండ్రికీ భయం లేకపోలేదు. వితంతు కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టడమే రక్షణ అనుకునే కాలం అది.

ప్లగ్గు పీకి, పెద్ద కెపాసిటర్లలో మిగిలిన కరెంటును రెసిస్టరుతో దించి, మీటరు సున్నాకి వచ్చాకే చెయ్యి పెట్టాం. పక్కింటామె టార్చి పట్టుకుంది. సోల్డరింగ్ మా అమ్మాయే చేసింది. ప్లస్సు మైనస్సు మూడుసార్లు చూసుకుంది, తారుమారైతే పేలుతుంది. పది రూపాయల కెపాసిటర్. స్విచ్ వేసి ముగ్గురం పైకే లెక్కపెట్టాం. ఐదు అనేలోపల 'టక్' మంది.

షాపతను చెప్పినట్టు రక్షణ పీకేసి ఉంటే స్పీకరు ఏదో రోజు కాలిపోయేది. అలాగే వదిలేసి ఉంటే అమ్మాయి వాయించడం మానేసేది. రక్షణ వద్దని నేననను. అది ఎన్ని సెకన్లో, ఎవరు లెక్కపెడుతున్నారో, ఆ రక్షణలో ఉన్నవాళ్ళకు తెలియాలి.

పక్కింటామె కూతురు ఈ ఏడే పది పాసయింది. పాలిటెక్నిక్‌కి పోతానంటోంది. "కాలం బాగలేదక్కా, ఒక సంవత్సరం ఆగనీ" అంది ఆమె, టార్చి ఆర్పుతూ. నాకు కోపం రాలేదు, నాన్న గొంతు వినబడింది. "ఆ సంవత్సరంలో ఏం మారుతుందో చెప్పు" అన్నాను. ఆమె జవాబు చెప్పలేదు. కౌన్సెలింగ్‌కి ఇంకా వారం ఉంది. మళ్ళీ అడుగుతాను.